అర ట్యాంకరు నీళ్ళు

శాలువాల సంగతి

మా ఇంట్లో పద్నాలుగు శాలువాలున్నాయి. కర్నూల్లో చలి ఏడాదికి పట్టుమని పది రోజులుండదు. హాకీ ఆడితే ఏమొస్తుంది సార్ అని కొత్తగా స్టిక్కు పట్టిన పిల్లలు అడిగినప్పుడు నేను ముందుగా ఈ సంగతే చెబుతాను. నవ్వుతారు. నిజం చెప్పినా నవ్వే వయసు వాళ్ళది.

శాలువా కప్పేవాళ్ళకు నేను ఏ ఆట ఆడానో కూడా పెద్దగా పట్టదు. ఒక స్కూలు వార్షికోత్సవంలో నన్ను ఫుట్‌బాల్ దిగ్గజం అని పరిచయం చేశారు. నేను సరిదిద్దలేదు. సరిదిద్దితే శాలువా వెనక్కి లాక్కుంటారేమోనని భయం.

అందుకే ఈ రాతలో నా కప్పుల జాబితా, సర్టిఫికెట్ల జాబితా ఉండవు. ఆటలోకి వచ్చేవాళ్ళకు పనికొచ్చేది నేను గెలిచిన మ్యాచ్‌లలో ఏమీ లేదు. గెలిచినవాడికి గెలిచానని తప్ప ఇంకేమీ తెలియదు. నేను చేసిన వెధవ పని ఒకటుంది. దాన్నుంచి తప్పించుకుని ముప్పై ఏళ్ళకు పైగా తిరిగాను. ఒప్పుకోవడానికి నిమిషం పట్టింది. ఆ ముప్పై ఏళ్ళ గురించి, ఆ నిమిషం గురించి రాస్తున్నాను.

నా పేరు మద్దిలేటి. పెనాల్టీ కార్నర్ కొట్టేవాణ్ణి. హాకీ తెలియనివాళ్ళకు ఒక్క ముక్కలో చెబుతాను. గోలు ముందు సున్నంతో అర్ధచంద్రంలా ఒక గీత గీస్తారు, ఆ లోపలి చోటును డీ అంటాం. కార్నర్ దొరికినప్పుడు ఒకడు గోలు పక్కనుంచి బంతిని డీ చివరికి తోస్తాడు. రెండోవాడు, అంటే స్టాపరు, వంగి దాన్ని కదలకుండా ఆపుతాడు. మూడోవాడు గోల్లోకి కొడతాడు. ఆ మూడోవాణ్ణి నేను.

కదలకుండా పడున్న బంతిని కొట్టడానికి అంత పెద్ద విద్యేమీ అక్కర్లేదు. కళ్ళంలో కంది కట్టె కొట్టేవాడు కూడా కొడతాడు. అయినా పేరంతా మూడోవాడిదే. పేపరువాళ్ళు నన్ను ‘సీమ ఫిరంగి’ అన్నారు. ఫిరంగిలో మందు కూరేవాడు వేరే ఉంటాడని ఎవరూ రాయలేదు. నేనూ గుర్తు చేయలేదు.

గరుసు నేల

నేను ఆట నేర్చుకున్న క్లబ్బు కర్నూల్లోనే ఉంది. పేరు రాయను. రాస్తే వాళ్ళకు గర్వం. గడ్డి అన్నది మా గ్రౌండులో గేటు పక్కన గాడిదలు మేసేంత చోట మాత్రమే ఉండేది. మిగతాదంతా ఎర్ర గరుసు మట్టి. దానిమీద పడ్డవాడు లేచేటప్పుడు మోకాలి చర్మం అక్కడే వదిలి లేచేవాడు.

మా కోచ్ నరసింహులు సారు. బడిలో డ్రిల్లు మాస్టరు. ఈల తప్ప ఆయనకు వేరే ఆస్తి లేదు. ఆయన పెట్టిన ఆచారం ఒకటుంది. మ్యాచ్‌కు ముందురోజు సాయంత్రం ఆటగాళ్ళందరం వరసగా నిలబడి గ్రౌండుకు నీళ్ళు పోయాలి. రాత్రంతా వదిలేయాలి. తెల్లవారి సూర్యుడు మొహం చూపించకముందే ఇనుప రోలరు లాగాలి. అప్పుడు ఆ గరుసు సిమెంటు గచ్చులా గట్టిపడేది. బంతి గీత గీసినట్టు పోయేది.

“సాయంత్రం పోసిన నీళ్ళు నేల తాగుతాది. పొద్దున పోసిన నీళ్ళు నేల కక్కుతాది. మతి పెట్టుకోండ్రా” అనేవాడు సారు. ఈ మాట నేను నూరుసార్లయినా విన్నాను. విన్నవాడు వేరు, వంటబట్టినవాడు వేరు.

మా స్టాపరు ఓబులేసు. జమ్మలమడుగు పక్కన మగ్గాల ఊరు వాళ్ళది. కాలేజీ చదువుకని కర్నూలు వచ్చి మా క్లబ్బులో చేరాడు. నాకంటే మూడేళ్ళు చిన్న, నన్ను అన్నా అని పిలిచేవాడు. చిన్నప్పటినుంచి మగ్గం మీద తెగిన పోగులు అతికిన వేళ్ళు అతనివి. ఎంత ఎగిరెగిరి వచ్చే బంతయినా అతని స్టిక్కు దగ్గరికొచ్చి చప్పుడు లేకుండా నిలబడిపోయేది. నేను దాన్ని బాదేవాణ్ణి. గోలు పడగానే అందరూ నా మీద పడి కౌగిలించుకునేవాళ్ళు. ఓబులేసు లేచి మోకాళ్ళ దుమ్ము దులుపుకునేవాడు.

ఒకసారి ఇది చూసి సారు నా చెవి పట్టుకున్నాడు. “వండేది వాడు, తినేది నువ్వు. తిన్న ఇస్తరన్నా ఎత్తురా” అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. విస్తరి మాత్రం ఎత్తలేదు.

కొత్త బిచ్చగాడు

తర్వాత నన్ను బెంగుళూరులో ఒక నెల క్యాంపుకు పిలిచారు. అక్కడ మొదటిసారి టర్ఫ్, అంటే ప్లాస్టిక్ గడ్డి పరిచిన గ్రౌండు, చూశాను. పచ్చటి చాప పరిచినట్టుంది. మ్యాచ్‌కు పది నిమిషాల ముందు పైపులతో దాన్ని తడిపేవాళ్ళు. ఆ తడి మీద బంతి తోస్తే నూనె రాసినట్టు జారిపోయేది. నాకు మతిపోయింది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, నెల తిరక్కుండానే హాకీ కనిపెట్టింది నేనే అన్న ధోరణిలో కర్నూల్లో దిగాను.

దిగినప్పటినుంచి ఒకటే పాట. “బెంగుళూర్లో ఇట్లా కాదు. బెంగుళూర్లో అట్లా.” మా కెప్టెన్ ఖాదర్ భాయ్ రెండ్రోజులు ఓర్చుకున్నాడు. ఆయన నాకంటే రెండేళ్ళు పెద్ద, పాతబస్తీలో సైకిళ్ళ అంగడి. మూడోరోజు అందరి ముందరా అడిగాడు.

“ఏం మద్దిలేటీ, బెంగుళూర్లో అన్నం గూడా నోటితోనే తింటారా? లేక దానికీ వేరే తావు ఉండాదా?”

నాకు కోపమొచ్చింది. దెబ్బకు ముందురోజు సాయంత్రాలు నీళ్ళు పోయడానికి పోవడం మానేశాను. రోలరు లాగడమూ మానేశాను. ఫిరంగి ఎక్కడైనా రోలరు లాగుతుందా? చేతులు నొప్పి పుడితే కార్నర్ ఎవడు కొడతాడు? ఇవన్నీ సారుతో పైకే అన్నాను. సారు నా వంక కాసేపు చూసి, “సరే నాయనా, పండుకో” అన్నాడు.

పిల్లల్లారా, మీ కోచ్ మిమ్మల్ని తిడుతున్నంతకాలం భయపడకండి. సరే నాయనా అన్నరోజు భయపడండి. నాకా తెలివి అప్పుడు లేదు.

ట్యాంకరు

ఆ వేసవిలో మా గ్రౌండులోనే పెద్ద టోర్నమెంటు. ఫైనల్లో కడప జట్టుతో మేం. ఎండలకు భయపడి మ్యాచ్ పొద్దున ఎనిమిదికే పెట్టారు. ముందురోజు సాయంత్రం మావాళ్ళు నీళ్ళు పోశారు, తెల్లవారుజామున రోలరు లాగారు. అందరూ స్నానాలకు, టిఫిన్లకు పోయాక, ఆరున్నరకు నేను తీరిగ్గా వచ్చాను. గ్రౌండు ఎండు గచ్చులా ఉంది. బెంగుళూరు చాప గుర్తొచ్చింది. ఇక్కడ తడి ఏదీ అనిపించింది.

సరిగ్గా అప్పుడే గేటు ముందు నీళ్ళ ట్యాంకరు పోతోంది. నడిపేది సుంకన్న. హాకీ అంటే పిచ్చి, నేనంటే ఇంకా పిచ్చి. ఆపమన్నాను. తూర్పు పక్క డీలో నీళ్ళు వదలమన్నాను.

“కాలనీకి పోతాండా అన్నా. మూడ్రోజులకొక తూరి పోతాది ఈ బండి. ఆడోళ్ళు బిందెలు పెట్టుకోని కూచోనుంటారు” అన్నాడు సుంకన్న.

“సగం చాలు. గోలు కొట్టినాక నీ పేరు చెప్తా పో.”

అభిమానికి అంతకంటే ఏం కావాలి? అర ట్యాంకరు నీళ్ళు డీ అంతా పారాయి. మిగతా సగం తీసుకుని సుంకన్న కాలనీకి పోయాడు. నేను పోయి ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను. నేను చేసినదాంట్లో తప్పుందని ఒక్క క్షణం కూడా అనిపించలేదని ఇక్కడ రాయడానికి సిగ్గుగా ఉంది. పైగా జట్టుకు ఉపకారం చేశాననే అనుకున్నాను. చాప నీళ్ళు తాగదు, పైన నిలుపుకుంటుంది. గరుసు తాగుతుంది, టైమివ్వకపోతే కక్కుతుంది. ఈ తేడా మా క్లబ్బులో నిన్నగాక మొన్న చేరినవాడికి కూడా తెలుసు. టర్ఫ్ చూసొచ్చినవాడికి తెలియలేదు.

సారు వచ్చి డీ చూసి వాచ్‌మన్ మీద కేకలేశాడు. వాచ్‌మన్ ఒట్లు పెట్టుకున్నాడు. నేను కాలికి ప్యాడ్లు కట్టుకుంటున్నాను. ఆ రోజు ప్యాడ్లు కట్టుకోవడానికి చాలాసేపు పట్టింది.

ఆ కార్నర్

ఆట చివరి నిమిషంలో మేం ఒక గోలు వెనకబడి ఉన్నాం. తూర్పు డీలో మాకు కార్నర్ దొరికింది. గ్రౌండంతా ఒకటే అరుపులు. ఎండకు పైమన్ను పొక్కు కట్టింది, దాని కింద సబ్బులా జారుడు. ఓబులేసు కాలితో ఒకసారి గీరి చూశాడు. నా వైపు తిరిగి, “నేల బాగలేదు అన్నా. కాసింత నిదానంగా ఎత్తు స్టిక్కు” అన్నాడు.

నాకు చెప్పేంతవాడివా అనుకున్నాను.

బంతి తోశారు. అది పొక్కు మీద ఒకసారి ఎగిరింది, బురదలో ఒకసారి ఆగింది. ఓబులేసు దాన్ని పట్టడానికి ముందుకు వంగాడు. కాలు జారింది. స్టిక్కు వదిలి ఎడమచెయ్యి నేలకు ఆనించాడు. నేను అప్పటికే బలమంతా పెట్టి ఊపేశాను. బంతికి తగలాల్సిన స్టిక్కు అతని చేతికి తగిలింది. ఆ చప్పుడు నాకింకా గుర్తుంది. ఉంగరం వేలు రెండుచోట్ల విరిగింది.

ఈల ఊదారు. కప్పు కడపకు పోయింది. ఓబులేసును ఖాదర్ భాయ్ తన సైకిలిచ్చి ఒక కుర్రాడితో ఆసుపత్రికి పంపాడు. నేనెక్కడున్నాను? టెంటు కింద, కూల్‌డ్రింకు తాగుతూ, పేపరు విలేకరి ముందు. ఆఖరి కార్నర్ ఏమైంది అని అతను అడిగాడు.

“ఆపాల్సినవాడు ఆపితే కదా నేను కొట్టేది? ఓబులేసు చెడగొట్టాడు” అన్నాను.

అతను రాసుకున్నాడు. పేరు సరిగ్గా రాసుకున్నాడా అని నేను తొంగి కూడా చూశాను.

సాయంత్రం సారు నన్నొక్కణ్ణే పిలిచాడు. “తూర్పు డీలో నీళ్ళు ఎవరు పోసిరి రా?” అన్నాడు. నాకేం తెలుసు సార్ అన్నాను. ఆయన ఇంకేమీ అడగలేదు. ఆ తర్వాత బతికున్నన్నాళ్ళూ నాతో మాట్లాడలేదు.

మరుసటిరోజు పేపర్లో ఓబులేసు పేరు వచ్చింది. నేను క్లబ్బుకు పోతే ఒక్కడూ పలకలేదు. బెంచీలో నా పక్కన కూర్చున్నవాళ్ళు లేచి ఎదురుగా కూర్చున్నారు. తా చెడ్డ కోతి వనమెల్లా చెరిచిందని ఖాదర్ భాయ్ గోడకు చెప్పాడు. నేను స్టిక్కు భుజాన వేసుకుని బయటికొచ్చేశాను. ఓడిపోయిన మంటతో నామీద పడ్డారని, నా పేరు చూసి కుళ్ళు అని అందరికీ చెప్పుకున్నాను.

నా గొప్ప నౌకరీ

స్పోర్ట్స్ కోటాలో నాకు ఊరుగాని ఊర్లో ఉద్యోగమొచ్చింది. ఆ ఆఫీసు జట్టుకు పదమూడేళ్ళు ఆడాను, ఇంకో ఇరవై ఏళ్ళు కుర్చీలో కూర్చున్నాను. మా పై అధికారి ఎవరొచ్చినా నన్ను పిలిపించి, “ఈయన ఒకప్పుడు బ్యాటు పట్టుకుంటే బౌలర్లు వణికేవాళ్ళు” అని చూపించేవాడు. వచ్చినవాళ్ళు నా చేతులు పట్టుకుని ఊపేవాళ్ళు. ఆటగాడికి ఉద్యోగమంటే సగం ఇదే. సంతలో ఎద్దు కొమ్ములకు రంగు పూసినట్టు పూసి నిలబెడతారు.

అక్కడ నాకు దొరికిన స్టాపర్లు మంచివాళ్ళే. ఒక్కడూ ఓబులేసు కాదు. నా కార్నర్లు అప్పటినుంచి సగానికి పడిపోయాయి. వయసు మీద, నడుం మీద, స్టిక్కుల మీద నెపం పెట్టాను. నెపాలకు కరువు రాలేదు, మా సీమలో కరువు రానిది అదొక్కటే.

కర్నూలుకు పెళ్ళిళ్ళకు, చావులకు వచ్చేవాణ్ణి. క్లబ్బు వీధి మాత్రం తొక్కేవాణ్ణి కాదు. బస్టాండు నుంచి మా ఇంటికి ఆ వీధే దగ్గర. చుట్టు తిరిగి పోయేవాణ్ణి. రిటైరై ఇక్కడే ఇల్లు కట్టుకున్నాక కూడా కూరగాయలకు చుట్టు తిరిగే పోయాను. ఏమయ్యా రోజూ వాకింగా అని ఎదురింటాయన మెచ్చుకున్నాడు.

ఖాదర్ భాయ్ ఫోను

పోయిన వేసవిలో తెలియని నంబరు నుంచి ఫోనొచ్చింది.

“ఏమప్పా ఫిరంగీ, ఖాదర్ను. బతికిండావా?”

గొంతు గుర్తుపట్టాను.

“మన గ్రౌండు తవ్వుతాండారు. టర్ఫ్ ఏస్తారంట, నీలం రంగుది. అంతకుముందు గరుసు మీద ఆకరి మ్యాచ్ ఆడుదామని ముసలోల్లమంతా అనుకున్న్యాం. ఆదివారం పొద్దున. నువ్వు రావల్ల.”

“నన్ను పిలవమని ఎవరన్నారు ఖాదర్ భాయ్?”

“ఓబులేసు. నేనైతే నీ నంబరు కనుక్కునేటోన్ని గూడా కాదు. శనివారం సాయంత్రమే రా. నీళ్ళు పోయాల.”

ఫోను పెట్టేశాడు. నేను రెండ్రోజులు ఇంట్లో పులిలా తిరిగాను. చివరికి ఒక నిర్ణయానికొచ్చాను. పాపం, ముసలాళ్ళయ్యారు, పశ్చాత్తాపపడుతున్నారు, నేను వెళ్ళి వాళ్ళను క్షమించేయాలి. నిజంగానే ఇట్లా అనుకున్నాను. అద్దం ముందు రెండు మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను. “గతాన్ని నేను మనసులో పెట్టుకోలేదు” అన్నది మొదటి వాక్యం. మా ఆవిడ వంటింట్లోంచి విని, “పెట్టుకోకపోతే ఈ వాక్యమెందుకు?” అంది. ఆమె నలభై ఏళ్ళుగా నా మ్యాచ్ ఒక్కటీ చూడలేదు, కానీ ఆట బాగా తెలుసు.

శనివారం సాయంత్రం

క్లబ్బు గదిలో అదే బెంచీ, అదే ఇనుప బీరువా. గోడకు మా జట్టు ఫోటో ఉంది. వెనక వరసలో నేను నిలబడ్డ చోట మేకు కొట్టి క్యాలెండరు వేలాడదీశారు. ఈ ఏడాదిదే. మేకు చుట్టూ ముప్పై ఏళ్ళ తుప్పు మరక. అంటే ప్రతి సంక్రాంతికీ మర్చిపోకుండా కొత్తది తగిలిస్తున్నారన్నమాట. ఇంత శ్రద్ధగా నన్ను తలుచుకున్నవాళ్ళు ఇంకెవరూ లేరు.

ఓబులేసు గ్రౌండులో పైపు పట్టుకుని ఉన్నాడు. తల నెరిసింది, మనిషి అట్లాగే సన్నగా ఉన్నాడు. ఎడమచేతి ఉంగరం వేలు పక్కకు వంగి, పైపు మీద ఆనకుండా గాల్లో నిలబడి ఉంది. నేను అద్దం ముందు నేర్చుకున్న మాటలు ఆ వేలు చూడగానే పోయాయి.

“వచ్చినావా అన్నా. ఈ పైపు పట్టుకో, నేను ఆ పక్క లాగుతా” అన్నాడు, నిన్న విడిపోయినవాళ్ళలా.

పట్టుకున్నాను. తూర్పు డీ వైపే నీళ్ళు పోస్తున్నాం. ఖాదర్ భాయ్ గట్టు మీద కుర్చీలో కూర్చుని అందరినీ అదిలిస్తున్నాడు. నీళ్ళు నేల మీద పడీ పడగానే ఇంకిపోతున్నాయి. ఒకసారి మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడాను. ఇంకోసారి ఎండల గురించి. ఓబులేసు రెండింటికీ ఊ కొట్టాడు. ఇక మూడో మాట దొరకలేదు.

“ఓబులేసూ, ఆ పొద్దు ఈ డీలో నీళ్ళు పోయించింది నేనేరా” అన్నాను.

అతను పైపు మడత విప్పుతూనే ఉన్నాడు. కుర్చీలోంచి ఖాదర్ భాయ్ అన్నాడు: “పైపు ఒకే తావున పట్టినావ్. మడుగవుతాంది, కదిలించు.”

“మీకు తెలుసా?” అన్నాను.

“తెలియకేమప్పా? నువ్వు పేపరాయన ముందర కూచోనింటే, కాలనీ ఆడోళ్ళు ఖాళీ బిందెలెత్తుకోని గేటు కాడికొచ్చిరి. మా నీళ్ళు యాడ పోస్తిరి అని. సుంకన్నను ముందు పెట్టుకోని వచ్చిరి. వాడు ఏడ్చుకుంటా అంతా చెప్పె. నర్సిమ్ములు సారు, మేమందరం ఈడనే ఉండాం. వాళ్ళ కాళ్ళు పట్టుకున్న్యంత పనైంది.”

అంటే సారు ఆ సాయంత్రం నన్ను అడిగినప్పుడు ఆయనకు జవాబు తెలుసు.

“మరి ఎందుకు చెప్పలేదు? పేపరుకు చెప్పుంటే నా పరువు పోయేది కదా. ఎందుకు ఊరుకున్నారు?”

ఖాదర్ భాయ్ ఓబులేసు వైపు చూశాడు. ఓబులేసు పైపు కింద పెట్టాడు.

“నువ్వే చెప్తావని చూసినాం అన్నా.”

“ఎన్నాళ్ళురా?”

“ఇంతదాకా.”

వేలు సంగతి అడిగాను. మగ్గానికి తిరిగి పోయాక పోగు అతకడం కష్టమైందని, రెండేళ్ళు తిప్పలు పడి కుడిచేత్తో అలవాటు చేసుకున్నానని చెప్పాడు. “వేలుకు నాకు కోపం లేదు. ఆటలో ఇరగతాయి” అన్నాడు. తర్వాత నా మొహం చూడకుండా ఇంకో మాట చెప్పాడు.

“మా నాయనకు సదువు రాదు. పేపర్లో నా పేరు పడిందని ఎవరో చెప్తే శానా సంబరపడి కొనుక్కోనొచ్చినాడు. వీదంతా చూపిచ్చినాడు. మా ఓబులేసు పేరు, మా ఓబులేసు పేరు అని. ఆకరికి ఒకాయన సదివి చెప్పినాడు. అప్పుడు దాన్ని మడిచి మగ్గం గుంటలో పెట్టినాడు. నన్నేమీ అనలా. సచ్చేదాకా ఆ పేపరు ఊసే ఎత్తలా. అదొక్కటే అన్నా నాకు.”

నేను ఏడ్చాను. అరవై దాటినవాడు గ్రౌండులో పైపు పట్టుకుని ఏడవడం చూడముచ్చటగా ఏమీ ఉండదు. తప్పైపోయిందిరా అన్నాను. ఇంతకంటే గొప్ప మాట ఎంత వెతికినా దొరకలేదు. ఓబులేసు నా చేతిలోంచి పైపు తీసుకుని నీళ్ళు కట్టేశాడు.

“చాల్లే అన్నా. మళ్ళా నేల కక్కుతాది” అన్నాడు.

ఆదివారం

చీకటి విడకముందే పోయి రోలరు లాగాను. లాగుతున్నంతసేపూ ఖాదర్ భాయ్ వెనకనుంచి, బెంగుళూర్లో ఇట్లనే లాగుతారా అని అడుగుతూనే ఉన్నాడు. క్యాలెండరు మాత్రం తీయలేదు. అడిగితే, ఏడాది మధ్యలో తీస్తే తేదీలు యాడ చూసుకోవల్ల అన్నాడు. సరే, సంక్రాంతి దాకా ఆగాలి.

మ్యాచ్ అంటే మ్యాచ్ కాదు. ముసలివాళ్ళమే రెండు జట్లయ్యాం, ఓబులేసూ నేనూ ఒక జట్టు. పరిగెత్తేవాళ్ళకంటే ఆయాసపడేవాళ్ళు ఎక్కువ. బంతి బయటికి పోతే తెచ్చేవాడి కోసం అందరం సంతోషంగా ఎదురుచూశాం. చివర్లో తూర్పు డీలో మాకు కార్నర్ ఇచ్చారు. దేనికిచ్చారో అంపైరుకే తెలియదు, ఇయ్యమని ఖాదర్ భాయ్ కళ్ళతో చెప్పి ఉంటాడు. నేను అలవాటుగా కొట్టేచోటికి నడిచాను.

“ఆడికి యాడికి పోతాండావు?” అని కేకేశాడు ఖాదర్ భాయ్. “ఓబులేసు కొడతాడు. నువ్వు ఆపు.”

జీవితంలో మొదటిసారి స్టాపరుగా వంగాను. ఒకప్పుడు ఓబులేసు పనిని పై నుంచి చూసినవాణ్ణి, ఇప్పుడు కిందనుంచి చూశాను. అక్కడినుంచి గోలు కనిపించదు. జనం కనిపించరు. నీవైపు దూసుకొచ్చే బంతి, నీ వేళ్ళు, నీ వెనక స్టిక్కు ఎత్తి నిలబడ్డవాడి నీడ, అంతే కనిపిస్తాయి. ఆ నీడను నమ్మి చేతులు నేలకు ఆనించాలి. ఆటలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పగలిగింది ఒకటే. మీలో ఫిరంగులు ఎవరైనా ఉంటే నెలకు ఒక్కరోజన్నా స్టాపరుగా వంగండి.

బంతి వచ్చింది. గచ్చులాంటి నేల మీద, వంక లేకుండా, సూటిగా వచ్చింది. నా స్టిక్కు కింద నుంచి పోయింది. నేను బోర్లా పడ్డాను. ఓబులేసు ఎత్తిన స్టిక్కును గాల్లోనే ఆపేశాడు. నా చేతికి జానెడు పైన ఆపాడు.

మ్యాచ్ ఓడిపోయాం. ఫోను పట్టుకుని వీడియో తీసుకుంటున్న ఒక విలేకరి పరిగెత్తుకొచ్చి, “సార్, ఆఖరి కార్నర్ ఏమైంది సార్?” అని నన్నడిగాడు. మోకాళ్ళ దుమ్ము దులుపుకుంటూ లేచాను. గ్రౌండంతా వినేలా చెప్పాను.

“ఆపాల్సినవాడు మద్దిలేటి. ఆపలేదు. చెడగొట్టింది మద్దిలేటి. పేరు పొల్లుపోకుండా రాయి నాయనా.”

విలేకరి ఫోనులో రాసుకోబోతుంటే ఓబులేసు వెనకనుంచి వచ్చి అతని భుజం మీద చెయ్యేశాడు.

“ఆ పేరు రాయొద్దులేప్పా. ఆయప్ప తప్పేం లేదు, నేల తడిగా ఉండాది” అన్నాడు.

అని, కాలితో డీ మీద ఒక్క తన్ను తన్నాడు. ఎర్రటి దుమ్ము లేచి మా ఇద్దరి మోకాళ్ళ దాకా వచ్చింది.